అమెరికాలో పాత కేసు ఉంది... నా భార్యను స్పాన్సర్ చేయొచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. చిన్నప్పుడే అమ్మానాన్నలతో అమెరికా వచ్చాను. 2009 నుంచి అమెరికా పౌరుణ్ని, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉద్యోగం. మొదటి పెళ్లి హైదరాబాద్‌లో జరిగింది. 2017లో ఒక రాత్రి గొడవలో ఆమె మీద చేయి చేసుకున్నాను. పక్క ఫ్లాట్ వాళ్లు 911కి ఫోన్ చేశారు. ఆ రాత్రి లాకప్‌లో ఉన్నాను. లాయర్‌కే పన్నెండు వేల డాలర్లు అయింది. మిస్‌డిమీనర్‌కి, అంటే చిన్న స్థాయి నేరానికి ఒప్పుకున్నాను. మూడేళ్ల ప్రొబేషన్ (కోర్టు నిఘా), 52 వారాల గృహహింస క్లాసులు పూర్తిచేశాను. 2021లో కేసు ఎక్స్‌పంజ్ (కోర్టు రికార్డులో కొట్టివేత) కూడా అయింది. కాలిఫోర్నియా కోర్టులో ఇద్దరం ఒప్పుకునే విడాకులు తీసుకున్నాం. గత ఫిబ్రవరిలో రాజమండ్రిలో మళ్లీ పెళ్లి చేసుకున్నాను. సంబంధం మాట్లాడేటప్పుడు ‘వాళ్లిద్దరికీ పడలేదు, విడిపోయారు’ అని మాత్రమే అమ్మ చెప్పింది. ఇప్పుడు నా భార్య కోసం పిటిషన్ వేయాలి. నా రికార్డు చూసి తిరస్కరిస్తారా? ఆ విషయం వాళ్లు ఆమెకు చెప్పేస్తారా? ‘పిల్ల అక్కడికొచ్చాక మెల్లగా చెప్పుకోవచ్చులే నాన్నా’ అంటుంది అమ్మ. ఫియాన్సీ వీసా అయితే త్వరగా పనవుతుందని ఇక్కడ ఒక ఏజెంటు చెబుతున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నిద్ర చెడగొడుతున్న భయాల్లో ఒకదాన్ని ముందే తీసేస్తాను. మీరు చెప్పిన వివరాలన్నీ నిజమైతే, ఆ కేసు ఒక్కదాని వల్ల మీ పిటిషన్‌ను తిరస్కరించరు. అమెరికా పౌరుడు భార్య కోసం ఐ-130 అనే పిటిషన్ వేసేటప్పుడు చట్టం ప్రధానంగా చూసేది రెండు సంగతులు: మీరు నిజంగా పౌరులేనా, మీ పెళ్లి నిజమైనదేనా. పిటిషన్ వేసే వ్యక్తికి పాత నేరం ఉంటే దారి మూసేసే చట్టం ఉంది కానీ అది పిల్లల మీద జరిగిన లైంగిక నేరాలు, కిడ్నాప్ లాంటి వాటికి సంబంధించినది. 2006లో వచ్చిన ఆడమ్ వాల్ష్ చట్టం అంటారు దాన్ని. ఆ రాత్రి ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉండి, వాళ్లకు సంబంధించిన అభియోగం ఏదైనా మీ కేసులో కలిసి ఉంటే మాత్రం పిటిషన్ వేసే ముందే కోర్టు కాగితాలు ఇమిగ్రేషన్ లాయర్ చేతిలో పెట్టండి. మీరు ఉత్తరంలో పిల్లల మాట ఎత్తలేదు కాబట్టి లేరనే అనుకుంటున్నాను.

మీరు పౌరులు కావడం ఇక్కడ పెద్ద తేడా. మీ దగ్గర గ్రీన్ కార్డు మాత్రమే ఉండి ఉంటే నా జవాబు వేరేలా ఉండేది. గృహహింస నేరం రుజువైన గ్రీన్ కార్డుదారుణ్ని దేశం నుంచి పంపించేయడానికి అక్కడి చట్టం వీలు కల్పిస్తుంది. అలాంటివాళ్లు భార్య పిటిషన్ సంగతి తర్వాత చూసుకుని, ముందు తమ సంగతి లాయర్‌తో మాట్లాడుకోవాలి. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా ఆ పరిస్థితిలో ఉంటే నెట్‌లో ఫారాలు నింపే పని ఇవాళే ఆపేయండి.

ఇక ఏజెంటు సలహా. ఆయన ఎవరో గానీ మిమ్మల్ని తిన్నగా గోతిలోకి నడిపిస్తున్నాడు. ఫియాన్సీ వీసా, అంటే కే-1, ఇంకా పెళ్లి కాని వాళ్లకు. రాజమండ్రిలో నలుగురి ముందు తాళి కట్టి, ఇప్పుడు పెళ్లి కాలేదని రాస్తే అది అబద్ధం. ఇమిగ్రేషన్‌లో అబద్ధం దొరికితే ఆ దెబ్బ మీకన్నా ఎక్కువగా ఆమెకు తగులుతుంది, జీవితాంతం వీసా రాకుండా పోవచ్చు. విజిటర్ వీసా మీద రప్పించి అమెరికాలోనే గ్రీన్ కార్డుకు మార్చేసుకుందామనే ఆలోచన ఇంకెవరైనా చెప్పినా ఇదే జవాబు. పైగా మీరు దేనికి భయపడుతున్నారో అది సరిగ్గా కే-1లోనే ఉంది. ఆ ఫారంలో గృహహింస కేసుల గురించి సూటిగా అడుగుతారు. సీల్ చేసినవీ, ఎక్స్‌పంజ్ అయినవీ కూడా చెప్పాలి. 2006 నుంచి అమల్లో ఉన్న ఇంబ్రా అనే చట్టం ప్రకారం ఆ వివరాలను వీసా ఆఫీసరే ఇంటర్వ్యూలో అమ్మాయికి తెలియజేయాలి.

మరి ఐ-130లో? మీ మొదటి పెళ్లి ఎప్పుడు జరిగింది, ఎప్పుడు ముగిసింది అని అడుగుతారు. మీ నేరచరిత్ర గురించి విడిగా ప్రశ్న లేదు. ఇది చదవగానే మీకు ప్రాణం లేచొచ్చి ఉంటుందని తెలుసు, అందుకే వెంటనే ఇంకోటి చెబుతున్నాను. పిటిషన్ వేసినవాళ్ల పేరు మీద కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. ఎక్స్‌పంజ్ అయినంత మాత్రాన ఫెడరల్ ప్రభుత్వానికి రికార్డు కనబడకుండా పోదు. మీ భార్యకు ఇంటర్వ్యూ ముంబై కాన్సులేట్‌లో జరుగుతుంది. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా ఇమిగ్రెంట్ వీసాలు ముంబైకే వెళ్లాలి. అక్కడ కిటికీ అవతల ఆఫీసరు అడిగే మామూలు ప్రశ్నల్లో ‘మీ భర్త మొదటి పెళ్లి ఎందుకు విడిపోయింది?’ అనేది ఒకటి. ‘ఆయన ఎప్పుడైనా అరెస్టయ్యారా?’ అనీ అడగొచ్చు. ఆమె తడబడితే పెళ్లి మీదే అనుమానం వస్తుంది. అనుమానం మాట అటుంచండి. చేతిలో ఫైలు పట్టుకుని, కొత్త చీర కట్టుకుని, వెనక హాల్లో పదిమంది కూర్చుని ఉండగా, తన భర్త మొదటి భార్యను కొట్టాడని ఒక అపరిచితుడి నోట వినే పరిస్థితి ఆమెకు మీరు తెస్తారా?

కాబట్టి వాళ్లు చెప్పేస్తారా అన్న ప్రశ్న పక్కన పెట్టండి. మీరు చెప్పాలి. పిటిషన్ వేయక ముందే చెప్పాలి.

మీ అమ్మగారి మీద నాకు కోపం లేదు. కొడుకు మళ్లీ ఒంటివాడవుతాడేమోనని ఆవిడ భయం. కానీ ‘అక్కడికొచ్చాక’ అన్న మాటలో ఏముందో చూడండి. అక్కడికొచ్చాక ఆమెకు ఉద్యోగం ఉండదు, కారు ఉండదు, పుట్టిల్లు పదమూడు వేల కిలోమీటర్ల అవతల. పెళ్లయి రెండేళ్లు నిండకముందే ఆమె అక్కడ అడుగుపెడితే వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డు. దాన్ని పక్కా చేసుకోవాలంటే గడువుకు ముందు 90 రోజుల్లో మీరిద్దరూ కలిసి ఐ-751 అనే దరఖాస్తు వేయాలి. అంటే ఆమెకు నిజం తెలిసే సమయానికి కాదనడానికి దారులన్నీ ఇరుకైపోయి ఉంటాయి. మెల్లగా చెప్పడం అంటే ఇక్కడ అసలు అర్థం అదే. ఇంత కఠినంగా అంటున్నందుకు ఏమీ అనుకోకండి.

చట్టం కోణంలోనూ ఇది చిన్న విషయం కాదు. హిందూ వివాహ చట్టంలో 12వ సెక్షన్ ఉంది. అవతలి వ్యక్తికి సంబంధించిన ముఖ్యమైన విషయాన్ని మోసపూరితంగా దాచి పెళ్లికి ఒప్పించారని తేలితే ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడగొచ్చు. నిజం తెలిసిన ఏడాదిలోపు అడగాలి, తెలిశాక కూడా ఇష్టపూర్తిగా కాపురం చేసి ఉండకూడదు. మీ విషయంలో కోర్టు ఏమంటుందో నేను చెప్పలేను కానీ, ఆమె తరఫువాళ్లు ఆ మాట ఎత్తితే మాత్రం ఆశ్చర్యపోకండి. మొదటి విడాకుల గురించి మీకు దిగులక్కర్లేదనే అనిపిస్తోంది. తిరుపతిలో జరిగిన ఒక పెళ్లిని అమెరికాలో మిస్సోరీ కోర్టు రద్దు చేస్తే, ఆ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో మన సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ భార్య ఒప్పుకోలేదు. మీ కేసులో ఆవిడ కూడా ఒప్పుకున్నారంటున్నారు కాబట్టి ఆ చిక్కు రాకపోవచ్చు. ఆమె ఒప్పుకున్నట్టు కాగితం మీద ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఎలా చెప్పాలన్నది ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. పోలీసుల్ని ఎవరు పిలిచారో రాశారు, లాకప్ గురించి రాశారు, లాయర్ ఫీజు డాలర్లతో సహా రాశారు. ఆ రాత్రి ఆవిడకు ఏమైందో ఒక్క ముక్క లేదు. దెబ్బ ఎక్కడ తగిలింది, ఆసుపత్రికి వెళ్లారా, తర్వాత ఎక్కడ తలదాచుకున్నారు? మీ భార్య మొట్టమొదట అడిగేది ఇదే. దానికి మీ దగ్గర నిజమైన జవాబు లేకపోతే ఆ సంభాషణ మొదలుపెట్టకండి, ముందు జవాబు వెతుక్కోండి. మీ ఫ్రీమాంట్ ఉండే అలమేడ కౌంటీ సుపీరియర్ కోర్టు క్లర్క్ ఆఫీసు నుంచి కేసు ఎలా ముగిసిందో తెలిపే సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. క్లాసులు పూర్తయిన సర్టిఫికెట్, ప్రొబేషన్ ముగిసిన కాగితం, విడాకుల డిక్రీ కూడా ఒక చోట పెట్టండి. రేపు లాయర్ అడిగినా ఇవే కావాలి.

వీలైతే టికెట్ కొనుక్కుని రాజమండ్రి వెళ్లి చెప్పండి. సెలవు దొరక్కపోతే వీడియో కాల్ అయినా ఫరవాలేదు. వాట్సాప్ మెసేజ్ మాత్రం వద్దు. మీకు పొద్దున, ఆమెకు రాత్రి పడుకోబోయే వేళ అయితే ఇంకా వద్దు. ఒంటరిగా రాత్రంతా ఏడవాల్సి వస్తుంది. పక్కన మీ అమ్మగారు ఉండకూడదు. ‘చిన్న గొడవ’ అని మొదలుపెట్టకండి, ‘తనే రెచ్చగొట్టింది’ అని ముగించకండి. నేనైతే ఇంత సూటిగా చెప్పమంటాను: ‘2017లో నేను నా మొదటి భార్యను కొట్టాను. అరెస్టయ్యాను. కోర్టులో తప్పు ఒప్పుకున్నాను. ఇది పెళ్లికి ముందే నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. కాగితాలు ఇవిగో.’ ఆ తర్వాత నోరు మూసుకుని వినండి. ఆమె అరవొచ్చు, ఫోన్ పెట్టేయొచ్చు, వాళ్ల నాన్నగారికి చెప్పొచ్చు. ‘ఇంట్లో చెప్పకు’ అని బతిమాలకండి. అది అడిగే హక్కు మీకు లేదు.

52 వారాలంటే దాదాపు ఏడాది పాటు వారం వారం కూర్చున్నారు. కాలిఫోర్నియాలో గృహహింస కేసుల్లో ప్రొబేషన్ ఇస్తే ఆ క్లాసులు తప్పనిసరి కాబట్టి వెళ్లానంటారా, లేక అక్కడ ఏమైనా నేర్చుకున్నారా? ఇప్పుడు కోపం వస్తే ఏం చేస్తారు? మద్యం ప్రమేయం ఉందా, ఉంటే ఇప్పుడు తాగుతున్నారా? ఇవి నాకు రాయనక్కర్లేదు. మీ భార్య అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండండి. కాపురం మళ్లీ మొదలవ్వబోతోంది కాబట్టి ఒక కౌన్సెలర్ దగ్గరకు ఇప్పట్నుంచే వెళ్లడం మంచిది. ఈసారి జడ్జి చెప్పలేదు కదా, మీ అంతట మీరే వెళ్లండి.

ఆమెకు చెప్పాల్సినవి మరికొన్ని ఉన్నాయి, అవీ మీ నోటితోనే వినాలి. మీరు సంతకం పెట్టే ఐ-864 అనే హామీ పత్రం ప్రకారం ఆమె పోషణకు మీరు పూచీ పడతారు. 2025 లెక్కల్లో ఇద్దరున్న ఇంటికి ఏడాదికి కనీసం 26,437 డాలర్ల ఆదాయం చూపాల్సి ఉండేది. మీ ఉద్యోగానికి అది సమస్య కాదు. కానీ విడాకులైనా ఆ పూచీ తీరదన్న సంగతి చాలామంది భర్తలకు తెలియదు, భార్యలకు అసలే తెలియదు. భర్త హింసిస్తే అతని సంతకం లేకుండానే ఐ-751 ఒంటరిగా వేసుకునే వీలు ఆమెకు ఉంది. 1994 నాటి చట్టం ప్రకారం అతనికి తెలియకుండా గ్రీన్ కార్డుకు సొంతంగా దరఖాస్తు చేసుకునే హక్కూ ఉంది. మీరుండే శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మైత్రి, నారిక అనే సంస్థలు దక్షిణాసియా మహిళలకు సాయం చేస్తాయి. ఈ రెండు పేర్లూ, 911 ఎప్పుడు చేయాలన్నదీ కాగితం మీద రాసి ఆమెకు ఇవ్వండి. ‘నా మీద నేనే కేసు పెట్టించుకోమంటున్నారా’ అని మీకు అనిపించొచ్చు. మీ చరిత్ర తెలిసి కూడా కూతుర్ని పంపాలా అని ఆలోచించే తండ్రికి ఆ కాగితం మీ ప్రమాణాలన్నిటికన్నా ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

తొందరేమీ లేదు. ఐ-130కి ఆఖరు తేదీ అంటూ ఉండదు. పౌరుడి భార్యకు కోటా క్యూ కూడా లేదు. ఆమె రెండు నెలలు ఆలోచించుకుంటానంటే ఆగండి, రోజూ ఫోన్ చేసి ‘ఏమనుకున్నావ్’ అని అడగకండి. మీ మొదటి భార్యతో మాట్లాడతానని ఆమె అంటే ఒప్పుకోండి, కానీ ఆవిడ నంబరు మీరే ఇచ్చేయకండి. ఆవిడ జోలికి వెళ్లొద్దని కోర్టు ప్రొటెక్టివ్ ఆర్డర్ ఏదైనా ఇచ్చి ఉంటే దాని గడువు ముగిసిందో లేదో చూసుకోకుండా మీరు స్వయంగా ఆవిడను కదపకూడదు. లాయర్ ద్వారానో, పెద్దవాళ్ల ద్వారానో ఆవిడకు ఇష్టమైతేనే.

అన్నీ విన్నాక ఆమె సరే అంటే, మరుసటి రోజే ఆన్‌లైన్‌లో 625 డాలర్లు కట్టి పిటిషన్ వేసేయండి. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే ఆమె తడుముకోకుండా జవాబు చెబుతుంది. వద్దంటే వాళ్లు పెట్టిన బంగారం, కట్నం ఇచ్చి ఉంటే అదీ, అడిగించుకోకుండా తిరిగి ఇచ్చేయండి. ఆ విషయం అమ్మగారికి మీరే చెప్పండి. ‘ఆ పిల్లకే పొగరు’ అన్న మాట రాజమండ్రిలో పుట్టకుండా చూసుకోవాల్సింది కూడా మీరే.