నెత్తళ్ళ సీసా పారేయకు, అమ్మలూ

అమ్మలూ,

రాత్రి నువ్వు పంపిన ఎక్‌జొత్ సీసా, అదే ఈ కొరియా వాళ్ళు వంటలో వేసే చేప నీళ్ళ సీసా ఫోటో చూసి మీ పెదనాన్నా నేనూ ఒకటే నవ్వు. సీసా మూతికి రెండు ప్లాస్టిక్ కవర్లు, పైన రబ్బరు బ్యాండు, అదేదో బాంబు అయినట్టు! మేం కొరియాలో ఈ సువాన్ ఊరికి వచ్చిన కొత్తలో మీ పెదనాన్న దాన్ని ఏకంగా బాల్కనీలో పెట్టించారు, కూరలో చెంచాడు కావాల్సి వస్తే చలికాలంలో కోటు వేసుకుని వెళ్ళి తెచ్చుకునేదాన్ని. పారేయాలా అని అడిగావు కదా, పారేయకు. ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూసి ఎవరైనా పులిహోర మానేస్తారా?

అసలు ఆ సీసాలో ఉన్నది మనకి తెలియని చేపేం కాదు. మ్యొల్చి అంటే మన నెత్తళ్ళే. కాకినాడలో అమ్మమ్మ వంకాయలో వేసే ఎండు నెత్తళ్ళు గుర్తున్నాయా, అవే. కాకపోతే ఇక్కడ ఎండబెట్టకుండా ఉప్పులో వేసి ఏడాదో ఇంకా ఎక్కువో ఊరబెడతారు, చేప కరిగి నీరయ్యాక వడకడతారు, ఆ నీళ్ళే ఎక్‌జొత్. నువ్వుండే బూసాన్‌లోనే గిజాంగ్ వైపు టెబ్యొన్ రేవు ఉంది, వసంతంలో పడవలు ఒడ్డుకొచ్చాక అందరూ వరసగా నిలబడి పాట పాడుతూ వల దులుపుతుంటే నెత్తళ్ళు గాల్లోకి ఎగిరి పడుతుంటాయి. ఒక ఆదివారం మీ ఆయన్ని తీసుకెళ్ళి చూపించు, ఆ తర్వాత ముక్కు మూసుకోడు.

మార్ట్‌లో రెండు రకాలు కనిపిస్తాయి. మ్యొల్చి ఘాటుగా, చిక్కగా ఉంటుంది, కిమ్చికి, అదే వాళ్ళ క్యాబేజీ ఊరగాయకి, అది. కనారి అనేది వేరే సన్నటి పొడుగు చేప, పడమటి సముద్రంలో బెంగ్న్యొంగ్ దీవి వైపుది పేరున్నది, వాసన తక్కువ, సూపులకీ ఆకుకూరలకీ అది బావుంటుంది. కొత్త కాబట్టి నువ్వు కనారితో మొదలుపెట్టు. చమ్‌చీఏక్ అని ఇంకోటి కూడా అంటగడతారు, అది పొగబెట్టిన ట్యూనా సారంలో తీపీ అవీ ఇవీ కలిపింది, ఊరబెట్టింది కాదు, గుడ్డు వంటల్లో బానే ఉంటుంది గానీ కిమ్చిలో మాత్రం పనికిరాదు. కొనేటప్పుడు సీసా వెనక్కి తిప్పి చూడు. చేప, ఉప్పు తప్ప ఇంకేమీ లేకపోతే మంచిది. చోంగ్ జిల్‌సో అని ఒక శాతం వేస్తారు, మొత్తం నత్రజని అన్నమాట, చేప సారం నీళ్ళలోకి ఎంత దిగిందో దాన్నిబట్టి తెలుస్తుంది. అసలు ఎక్‌జొత్‌కి అది 1.0 శాతానికి తగ్గకూడదు, జోమి ఎక్‌జొత్, అంటే రుచికి అవీ ఇవీ కలిపింది, అని రాసి ఉన్న చవక రకానికి 0.5 ఉన్నా చాలు. రెండు సీసాలూ పక్కపక్కనే పెడతారు, ధర చూసి మోసపోకు.

ఇక వాడకం. ఇది మసాలా కాదమ్మా, ఉప్పు. వాసనున్న ఉప్పు. నేను మొదట్లో తప్పు చేసిందంతా ఇక్కడే. మా ఇంటి ఓనరు ముసలమ్మకి, హల్మొనీ, అంటే బామ్మా అని పిలిచేదాన్ని, పుట్టినరోజని మియొక్‌గుక్, అదే సముద్రపు నాచు సూపు, చేసిచ్చాను. రెసిపీలో సోయా సాస్ ఉంది, అదీ వేశాను, ఎక్‌జొత్ రుచి అన్నారు, అదీ వేశాను, అలవాటు ప్రకారం చివర్లో రాళ్ళుప్పు కూడా చల్లాను. ఉప్పు కషాయం. ఆవిడ ఏమీ అనకుండా గిన్నెలో సగం అన్నం కలుపుకుని తినేసి, మర్నాడు తన వంటింట్లో నన్ను పక్కన నిలబెట్టుకుని మళ్ళీ చేసింది. మనం ఉప్పు చూడమంటాం కదా, వాళ్ళూ అచ్చం అలాగే కన్ చూడమంటారు, కన్ అంటే ఉప్పదనం. ఆవిడ మూడుసార్లు చూసింది, మూడుసార్లూ కొంచెం కొంచెమే కలిపింది.

ఆవిడ చేసింది ఇదీ. ఎండు సముద్రపు నాచు 20 గ్రాములు, గుప్పెడే, నీళ్ళలో వేస్తే గిన్నె నిండా పొంగుతుంది, తెలియక ప్యాకెట్ అంతా పోసేవు! పిండి, కోసి, నువ్వుల నూనెలో రెండు మూడు నిమిషాలు వేయించాలి. మాంసం బదులు మన ఇంట్లో నేను గుల్లలు వేస్తాను. లీటరున్నర నీళ్ళు పోసి మరిగాక గుక్ కంజాంగ్, అంటే సూపు కోసం ఉండే ఉప్పటి సోయా, ఒక చెంచా, ఎక్‌జొత్ ఒక చెంచా, అంతే. మూత పెట్టకు. మొదటి అయిదు నిమిషాలు ఇల్లంతా రేవులా ఉంటుంది, కంగారుపడకు, కిటికీ తెరువు, మరిగేకొద్దీ ఆ కంపు ఆవిరైపోయి రుచి మాత్రం అడుగున మిగులుతుంది. ఇరవై నిమిషాలు పోయాక రుచి చూసి, తక్కువైతే అప్పుడు ఉప్పు.

చెంచా అంటే ఏ చెంచా అని నువ్వు అడుగుతావని తెలుసు. ఇక్కడి ఆడవాళ్ళు ఒక సుట్‌గారక్ అంటే అన్నం తినే ఆ పొడుగు కాడ స్టీలు చెంచా, అది మన కొలత చెంచా 15 మిల్లీలీటర్ల కంటే తక్కువే పడుతుంది. వీడియో చూసి కొలత చెంచాతో పోశావో, మళ్ళీ నా కథే.

మరిగించని వాటికి ఇంకా తగ్గించు. మొలకెత్తిన సోయా, కొంగ్‌నాముల్, 300 గ్రాముల ప్యాకెట్ ఉడికించి నీళ్ళు వార్చాక టీ చెంచాడు కనారి, వెల్లుల్లి, ఉల్లికాడ, నువ్వుల నూనె వేసి చేత్తో కలుపు. ఉడికేటప్పుడు మూత పెడితే చివరిదాకా పెట్టే ఉంచు, తీస్తే మొదట్నుంచీ తీసే ఉంచు, మధ్యలో తొంగిచూస్తే పచ్చివాసన పట్టుకుంటుందంటారు. కోడిగుడ్డు ఆవిరి కూరకి ఎక్‌జొత్ కన్నా సేఉజొత్, అంటే ఉప్పులో ఊరిన చిట్టి రొయ్యలు, అరచెంచా నలిపి వేస్తే బావుంటుంది.

కార్తీకంలో మీ అత్తగారు వస్తున్నారన్నావు, ఆవిడ ఆ నెల నీసు ముట్టరు కదా. బజారు కిమ్చిలో చాలావాటిలో చేప నీళ్ళో రొయ్యలో ఉంటాయి, కూరగాయే కదా అని పెట్టేసేవు, తర్వాత తెలిస్తే ఆవిడ బాధపడతారు. ఇక్కడి బౌద్ధ గుళ్ళలో చేసే కిమ్చిలో ఇవేవీ ఉండవు, వెల్లుల్లి కూడా ఉండదు. ఇంట్లో అయితే గుక్ కంజాంగ్, ఉప్పు వేసి విడిగా చిన్న డబ్బాలో కలిపెయ్.

మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో పెట్టు, అడుగున గాజు ముక్కల్లా కనబడేది ఉప్పే, పాడైపోలేదు. బట్ట మీద పడితే వెంటనే ఉతుకు, ఆరిందంటే ఇక ఆ బట్ట వంటింటికే.

నవంబరు చివర్లో మా అపార్ట్‌మెంట్‌లో కిమ్‌జాంగ్, అదే చలికాలానికి సరిపడా కిమ్చి అందరం కలిసి కలపడం, పెట్టుకుంటున్నాం, ఇద్దరూ వచ్చెయ్యండి. క్యాబేజీలు నేను ముందురోజే ఉప్పులో వేసి ఉంచుతాను. రబ్బరు గ్లవ్స్ తెచ్చుకో, నా దగ్గర ఒక్క జతే ఉంది, అదీ ఎడమ చేతిది చిరిగింది.

మీ పెద్దమ్మ