అత్తమ్మ అన్నది ఒకటి, మీకు వినిపించింది ఒకటి

ప్రశ్న: మాది అమలాపురం. జగిత్యాల సంబంధం, పెళ్లై నాలుగేళ్లు. మొన్న మా నాన్న మమ్మల్ని చూసి బస్సెక్కి వెళ్లారు. అత్తగారు వంటింట్లోంచి "మీ నాయిన పోయిండా?" అన్నారు. ఒళ్లు మండి "పెద్దవాళ్ల గురించి అలాగేనా మాట్లాడేది?" అని అరిచాను. అప్పట్నుంచి మాటల్లేవు. పక్కింటావిడతో "మా కోడలు సుట్టమోలె మాట్లాడుతది" అని ఎత్తిపొడిచారు. మూడేళ్ల పాపకూ ఆ భాషే వస్తోంది. "ఛీ, అలా అనకూడదు" అని చెప్పీ చెప్పీ టెన్షన్. మావారేమో లైట్ తీసుకోమంటారు.

జవాబు: గోదావరి ఇళ్లలో "వెళ్లొస్తాను" అంటారు, "పోతాను" అనరు. మనిషి పోయారంటే చనిపోయారనే. నాన్న విషయంలో ఆ మాట వినగానే మీ గుండె జారింది, అందులో తప్పు లేదు. కానీ జగిత్యాలలో బడికీ పోతారు, పెళ్లికీ పోతారు. అత్తమ్మ తన భర్తనూ కొడుకునూ కూడా "వచ్చిండు, పోయిండు" అనే అంటుంది కదా? మీ నాన్ననూ వాళ్లలో ఒకడిగానే అడిగింది.

"సుట్టమోలె" అన్నది నాకు ఎత్తిపొడుపులా వినిపించలేదు. చుట్టంలా అని. "నువ్వు" అంటేనే దగ్గరితనం అనుకునే మనిషికి, మీరు గౌరవంగా అనే "అండీ" కోడలింకా గడప దగ్గరే నిలబడినట్టు ఉంటుంది. ఆమె బాధ అది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది పాపతో మీరన్న "ఛీ". పాఠ్యపుస్తకాల్లో ఉన్నది చాలామటుకు కోస్తా జిల్లాల తెలుగు. సినిమాల్లో అత్తమ్మ యాస ఏళ్ల తరబడి రౌడీలకూ కమెడియన్లకూ పెట్టారు. తెలంగాణ కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం 2014లో గానీ కాలేదు. బయట అన్నాళ్లు పడ్డ చిన్నచూపు ఇప్పుడు సొంత ఇంట్లో, మనవరాలి ముందు పడుతోంది. ఆ "ఛీ" ఈరోజే మానేయండి. పాపకు రెండు తెలుగులూ రానివ్వండి.

అత్తమ్మ పక్కన కూర్చుని చెప్పండి: "అత్తమ్మా, మా వైపు పోయారంటే చనిపోయారని. నాన్నకేమైనా అయిందేమోనని భయమేసి అరిచాను." ముందు మీ భయం చెప్పండి. "అలా అనకండి"తో మొదలుపెడితే మళ్లీ తప్పు దిద్దినట్టే. ఆమె యాసను అరువు తెచ్చుకుని మాట్లాడొద్దు, వెక్కిరింపులా ఉంటుంది. రెండు వైపులా అర్థం తెలిసిన మీవారు ఆరోజే ఒక్క ముక్క చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఆ మాట ఆయనతోనూ అనండి.

ఆమె ఏమందో నాకు మళ్లీ రాయండి. మీ మాటల్లోకి మార్చకుండా, ఆమె అన్నది అన్నట్టుగా.