అయ్యగారి ముందుగది

తమ్ముడూ,

నీ కథ చదివాను. పాస్టరు గారి ఇంటి ముందు క్రోటన్ మొక్కలు, గోడ మీద వాక్యం క్యాలెండరు కళ్ళకు కట్టాయి. అయితే అక్కడొక ఆఫీసు కూడా ఉంటుందన్న సంగతి మరిచావు. మన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) పార్సనేజీల్లో, అంటే పాస్టర్లు కాపురముండే సంఘపు ఇళ్ళల్లో, చాలాచోట్ల ముందుగది సంఘానిది, వెనకగదులు కుటుంబానివి. మధ్యన ఉండేది గుమ్మానికి వేసిన కర్టెనే. "వందనాలు అయ్యగారూ" అంటూ వచ్చేవాళ్ళకి వేళాపాళా ఉండదు. చావు కబురైనా, మొగుడూపెళ్ళాల తగువైనా, కోత పండుగ బియ్యమైనా ఆ గడప తొక్కాల్సిందే.

పాస్టరమ్మ గారు పొయ్యి దగ్గర నిలబడే అన్నీ వింటారు. ఒక్క మాట బయటికి పొక్కనివ్వరు. జీతం లేని కొలువు అది. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు ఉపదేశకులతో పాటు వాళ్ళ భార్యలకీ శిక్షణ ఇప్పించారంటే ఊరికే కాదు. నువ్వేమో ఆవిడ చేత టీ ఇప్పించి పంపేశావు!

ఇక ఆ ముందుగదిలో బీరువా తెరువు. పెళ్ళిళ్ళ రిజిస్టరు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద నడుస్తుంది. వధూవరులతో పాటు ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. దాని పక్కనే బాప్తిస్మాల రిజిస్టరు. నీ కథ అందులో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దక్కిన సవరణ వీళ్ళకి ఇప్పటికీ దక్కలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ వీళ్ళు బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో ఒక వర్గం. చిన్నప్పటినుంచి చర్చికొచ్చే దళిత కుర్రాడు ఆ బల్ల ముందు కూర్చుని, "బాప్తిస్మం ఇవ్వండి, పేరు మాత్రం రాయకండి అయ్యగారూ" అన్నాడనుకో. ఆయన ఏం చేస్తారు? విశ్వాసం దాచుకోమని చెప్పలేరు, ఎస్సీ హోదా పోగొట్టి వాడి చదువు పాడుచేయలేరు. ఆయన్ని దేవుణ్ణీ చేయకు, దొంగనీ చేయకు. కలం మూత తీసి, మళ్ళీ పెట్టేదాకా ఆయన పక్కనే ఉండు, చాలు.

ఇల్లు డయాసిస్‌ది, అంటే బిషప్ గారి అధ్యక్ష మండలానిది. బదిలీ వస్తే సామాను ఎత్తాల్సిందే, రిజిస్టర్లు మాత్రం కదలవు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఏ పార్సనేజీ వరండాలోనైనా కూర్చుని చూడు. రిజిస్టరు చూపించమని మాత్రం అడగకు, అది జనం గుట్టు. ఈసారి పాస్టరమ్మ గారి వైపు నుంచి రాసి పంపు. క్రిస్మస్ లోపు పంపితే తీరిగ్గా చదువుతాను.

నీ అన్న