పదిహేనేళ్లు నిండని పిల్లలతో ఉగాండా వెళ్లొచ్చా? మా అనుభవం ఇదీ

"పదమూడేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, అరవై నాలుగేళ్ల అత్తగారు. వేసవి సెలవుల్లో ఉగాండా వెళ్లి అడవిలో గొరిల్లాలు చూడాలని ఉంది, కుదురుతుందా?" అని కదా మీరు అడిగింది. మా వారికి చదివి వినిపిస్తే, "మన ఇంటి సంగతి వాళ్లకెలా తెలిసింది?" అన్నారు. ఆరేడేళ్ల కిందట మేమూ అచ్చం ఇలాగే బయల్దేరాం.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఉగాండా తప్పకుండా వెళ్లండి, కానీ గొరిల్లాల కోసం మాత్రం ఇప్పుడు వద్దు. పదిహేనేళ్లు నిండనివాళ్లను అడవి గొరిల్లాల దగ్గరికి పంపరు. ఉగాండాలోనూ అంతే, రువాండాలోనూ అంతే. "కాస్త తక్కువైనా పర్లేదండీ, చూసీ చూడనట్టు వదిలేస్తారు" అని ఏ ఏజెంటైనా అంటే నమ్మకండి. మేం నమ్మాం.

2018 డిసెంబర్ చివర్లో వెళ్లాం. మా అమ్మాయికి అప్పటికి పద్నాలుగేళ్ల పది నెలలు, చిన్నాడికి తొమ్మిదేళ్లు. మాతో పాటు అత్తయ్య, ఆవిడకి అరవై ఆరు. నాకు, మా వారికి, అమ్మాయికి కలిపి మూడు గొరిల్లా పర్మిట్లు కొన్నాం. అప్పట్లో ఒక్కోటి 600 డాలర్లు. ఇప్పుడు 800, అంటే మనిషికి దాదాపు 70 వేల రూపాయలు. రువాండాలో అయితే 1,500 డాలర్లు. అదీ ఒక్క గంట చూడటానికే సుమా.

బ్విండి అడవిలో బుహోమా అనే చోట పొద్దున్నే అందరి పాస్‌పోర్టులు తీసుకుని చూశారు. రేంజరమ్మ మా అమ్మాయి పాస్‌పోర్టు రెండుసార్లు తిప్పి చూసి, చాలా మర్యాదగా కుదరదని చెప్పింది. రెండు నెలలే కదా అని బతిమాలాం. ఆవిడ నవ్వుతూనే ఉంది, మాట మాత్రం మార్చలేదు. డబ్బు తిరిగి రాలేదు, ఏజెంటేమో ఫోనెత్తలేదు. అమ్మాయి కారులో కూర్చుని ఏడ్చింది. ఎవరో ఒకరం దాని దగ్గర ఉండాలి కదా, మా వారు ఉండిపోయారు. "నువ్వు వెళ్లి చూసి రామ్మా, ఏదీ వదలకుండా చెప్పాలి" అంది నాతో. ఆ గంటంతా నేను చూసింది తక్కువ, దానికి చెప్పడానికి గుర్తు పెట్టుకున్నది ఎక్కువ.

కోపం చల్లారాక ఆలోచిస్తే ఆ నిబంధనలో న్యాయం ఉందనిపించింది. మనకొచ్చే మామూలు జలుబు కూడా గొరిల్లాలకు ప్రాణం మీదికి రావచ్చు. పిల్లలకు ఊరికే జలుబులు వస్తుంటాయి, పైగా ఎదురుగా రెండు క్వింటాళ్ల మగ గొరిల్లా కదిలితే పరుగెత్తకుండా నిలబడమంటే నిలబడగలరా? పెద్దవాళ్లనైనా తుమ్ములూ దగ్గులూ ఉంటే ఆపేస్తారు. ఈ కొండ గొరిల్లాలు ఏ జూలోనూ లేవు. మన మైసూరు జూలో ఉన్నవి కూడా పల్లపు అడవుల జాతివే. మేం వచ్చిన ఏడాది తర్వాత ప్రకటించిన లెక్క ప్రకారం ఇవి ప్రపంచం మొత్తంలో 1,063, అందులో 459 బ్విండి వైపు, మిగతావి విరుంగా కొండల్లో. మా ఊళ్లో ఒక్క వీధిలో అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

ఇక మీ పిల్లలు ఏం చూడొచ్చో చెప్తాను. అసలు రుచి అక్కడే ఉంది.

చింపాంజీలకు కిబాలే అడవి. ఎంటెబ్బే విమానాశ్రయం నుంచి కారులో ఆరేడు గంటలు. మేం వెళ్లినప్పుడు చింపాంజీ పర్మిట్ 150 డాలర్లు, పన్నెండేళ్లు నిండాలనేవారు. ఇప్పుడు 250 అయింది. వయసు నిబంధన కూడా మారి ఉండొచ్చు కాబట్టి, మీ అమ్మాయి పుట్టిన తేదీ రాసి, ఈ పర్మిట్లు ఇచ్చే ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీకి నేరుగా మెయిల్ పెట్టి, జవాబు చేతికొచ్చాకే డబ్బు కట్టండి. ఆ ఒక్క మెయిల్ పెట్టకపోవడమే మేం చేసిన తప్పు.

నేనూ అమ్మాయీ వెళ్లాం. గొరిల్లాలైతే తిన్నచోటే కూర్చుంటాయి, చింపాంజీలు అలా కాదు. మొదటి గంటసేపు ఏమీ కనపడలేదు. ఉన్నట్టుండి ఎక్కడో దూరంగా ఒకటి "హూ... హూ..." అని మొదలుపెడితే ఇంకోటి అందుకుంది, అది కేకలయ్యింది, చివరికి అడవి అంతా ఒకటే అరుపులు. మధ్యలో దబదబా డప్పు మోత. చెట్ల మొదళ్లలో గోడల్లా లేచిన వేళ్లు ఉంటాయి, వాటిని కాళ్లతో తంతాయట. అమ్మాయి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగాయి. తర్వాత మేడిలాంటి చెట్టు మీద ఏడెనిమిది కనిపించాయి, పళ్లు తింటూ, గింజలు మా నెత్తిన ఊస్తూ. అవి దిగి నడక మొదలుపెట్టాక వాటి వెనకాల మేం తుప్పల్లో పరుగు. ఒక ముసలి చింపాంజీ మమ్మల్ని మనుషుల కింద లెక్కే వెయ్యకుండా పక్కనుంచి నడిచిపోయింది, చేతులు వెనక్కి కట్టుకోలేదన్న మాటే గానీ అచ్చం మా పెదనాన్న నడక. పద్నాలుగేళ్ల పిల్లకి ఇది గొరిల్లాల కంటే నచ్చి ఉంటుందని ఇప్పటికీ నా నమ్మకం.

చిన్నాడికీ అత్తయ్యకీ ఆ పక్కనే బిగోడి చిత్తడి నేల. దీన్ని ఊరివాళ్లే నడుపుతారు, వచ్చిన డబ్బు బడికీ ఊరికీ ఖర్చు పెడతారు. వయసు పట్టింపు లేదు. చెక్క వంతెనలూ కాలిబాటా కలిపి మూడు గంటల నడక. అత్తయ్య కర్ర పట్టుకుని, మధ్యమధ్యలో కూర్చుంటూ పూర్తి చేసేసింది. అక్కడ కోతులు చెట్టుకొక జాతి. ఎర్ర కొలోబస్, నలుపూ తెలుపూ కొలోబస్, బూడిద బుగ్గల మాంగాబే, ముక్కు మీద తెల్ల మచ్చ ఉండే ఎర్రతోక కోతి. చిన్నాడు పుస్తకంలో టిక్కులు పెట్టుకుంటూ తిరిగాడట. అత్తయ్య మాత్రం తెల్ల కుచ్చుతోకల కొలోబస్‌ని చూసి, "ఇవి మన కొండముచ్చులే కదరా, కూర్చున్న తీరు చూడు" అందట. ఇంటికొచ్చాక చదివితే నిజంగానే రెండూ ఒకే ఉపకుటుంబం, ఆకులు అరిగించుకోవడానికి రెండింటికీ గదులు గదులుగా ఉండే పొట్ట. కొలోబస్‌కి బొటనవేలు దాదాపు లేనట్టే, ఆ పేరుకి గ్రీకులో అర్థమే తెగిపోయినది అని. అది కూడా ముందు గమనించింది మావాడే, నాలుగు వేళ్లే ఉన్నాయేమిటని.

ఎంటెబ్బేలో దిగిన మర్నాడే కారెక్కేయకండి. అక్కడి బొటానికల్ గార్డెన్‌లో ఈ కొలోబస్‌లు తల మీదే గెంతుతుంటాయి, ఖర్చు నామమాత్రం. ఇంకో రోజు విక్టోరియా సరస్సులో పడవ మీద న్గాంబా దీవికి వెళ్లండి. వేటగాళ్ల నుంచీ దొంగ వ్యాపారుల నుంచీ విడిపించిన అనాథ చింపాంజీలను 1998 నుంచి అక్కడ పెంచుతున్నారు. తిండి పెట్టే వేళకి అవి అడవిలోంచి కంచె దాకా వస్తాయి, మనం ఎత్తు మీద నిలబడి చూస్తాం. ఇవి స్వేచ్ఛగా తిరిగే అడవి జంతువులు కావు, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. మీ ఎనిమిదేళ్లవాడికి మాత్రం ఇదే ట్రిప్పులో పెద్ద రోజు అవుతుంది. దారిలో భూమధ్యరేఖ దాటించామని పడవవాడు చెప్తే మావాడు నీళ్లలో గీత కోసం వెతికాడు.

సీజన్ గురించి ఎవరూ గట్టిగా చెప్పరు, నేను చెప్తాను. మన వేసవి సెలవులు అంటే ఏప్రిల్, మే. అక్కడ అవి జోరు వానల నెలలు. బ్విండి ఏటవాలు కొండల్లో బురద మోకాలి దాకా వస్తుంది, మట్టి రోడ్లు ఎక్కడికక్కడ ఆగిపోతాయి. వానలు తగ్గేది జూన్ నుంచి ఆగస్టు, మళ్లీ డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి. అందుకే క్రిస్మస్ సెలవులకు ఇంకో వారం బడి ఎగ్గొట్టించి తీసుకెళ్లాం. అయినా బ్విండిలో వాన పడింది. అదసలే వర్షారణ్యం.

మీ అత్తగారి విషయం. ఎల్లో ఫీవర్ టీకా లేకపోతే ఉగాండాలో అడుగు పెట్టనివ్వరు, తిరిగొచ్చేటప్పుడు మన దేశంలోనూ సర్టిఫికెట్ అడుగుతారు, లేదంటే ఆరు రోజులు క్వారంటైన్. టీకా వేసుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో మేం నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేయించుకున్నాం. అరవై దాటినవాళ్లకు మొదటిసారి వేసేటప్పుడు అరుదుగానైనా పెద్ద ఇబ్బందులు రావచ్చు, కోడిగుడ్డు పడనివాళ్లకీ జాగ్రత్త కావాలి. అందుకని టికెట్లు కొనక ముందే ఆవిణ్ణి వాళ్ల డాక్టరుకి చూపించండి. మలేరియా మాత్రలు అందరికీ తప్పవు.

ఇక ఆ ఒక్క గంట, మీరిద్దరిలో ఎవరో ఒకరు వెళ్లాలనుకుంటే. ఒక గొరిల్లా కుటుంబానికి రోజుకి ఎనిమిది మంది సందర్శకులే. ట్రాకర్లు తెల్లారకముందే వెళ్లి, నిన్న రాత్రి అవి పడుకున్న ఆకుల పడకలు వెతికి, అక్కణ్ణుంచి జాడ పడతారు. మాకు నడక మూడు గంటలు పట్టింది. కొందరికి గంటే పడుతుంది, కొందరికి సాయంత్రం అవుతుంది. తాకితే దురదగొండిలా మంటపెట్టే మొక్కలుంటాయి, గండుచీమల్లాంటివి బారులు తీరి పోతుంటాయి. ప్యాంటు సాక్సుల్లో దోపాలి, చేతికి తోటపని గ్లవ్స్ వేసుకోవాలి. పోర్టర్‌ని తప్పకుండా పెట్టుకోండి, బ్యాగ్ మోయలేక కాదు, ఏటవాలులో చెయ్యందించి లాగడానికి. నడవలేనివాళ్లను మనుషులే మోసుకెళ్తారు, మన ఏజెన్సీ ఊళ్ల డోలీ లాంటిదే. దాన్ని అక్కడ సరదాగా హెలికాప్టర్ అంటారు, ఖర్చు వందల డాలర్లు.

అమ్మాయికి నేను చెప్పినవి ఇవి. ముందు వాసన వచ్చింది, చెమటా పశువుల కొట్టమూ కలిసిన వాసన. పెద్ద మగది వీపంతా వెండి రంగు, మా వైపు తిరగను కూడా తిరగలేదు. అది గొంతులో ఏదో గుర్రుమంటే రేంజర్ కూడా అలాగే గొంతు సవరించి బదులిచ్చాడు, మేం మంచివాళ్లమే అని చెప్పడమట. రోజంతా ఆకులు తింటాయి కాబట్టి అవి దాచుకోకుండా గ్యాస్ వదులుతుంటాయి, ఆ చప్పుడుకి మాలో ఒకతను నవ్వాపుకోలేక చచ్చాడు. ఒక పిల్ల గొరిల్లా రెండు కాళ్ల మీద లేచి ఛాతీ బాదుకుని, నిలదొక్కుకోలేక వెల్లకిలా పడింది. అది విన్నాకే మా అమ్మాయి నవ్వింది. అప్పట్లో ఏడు మీటర్ల దూరం ఉండమనేవారు, కోవిడ్ తర్వాత పది చేశారు, మాస్కు కూడా పెట్టుకోవాలి.

నేను అడవిలో ఉన్నంతసేపూ మా వారు, పిల్లలు, అత్తయ్య ఊళ్లో తిరిగారు. అరటిపళ్ల సారా కాయడం చూశారు, బట్వా అనే అడవి తెగ పెద్దాయన ఒకరు ఏ ఆకు దేనికి మందో చూపించాడట. ఆ అడవి బట్వాలదే. 1991లో నేషనల్ పార్క్ అయ్యాక వాళ్లను బయటికి పంపేశారు. రాత్రి అత్తయ్య ఈ సంగతి చెప్తుంటే నాకు నల్లమల చెంచులు గుర్తొచ్చారు, నా గొరిల్లా కబుర్లు కాసేపు ఆగిపోయాయి.

తిండికి బెంగ అక్కర్లేదు. ఉడికించిన పచ్చి అరటికాయ ముద్ద మటోకే, దాని మీద వేరుశెనగ పులుసు, శాకాహారులకు హాయి. రోడ్డు పక్కన చపాతీలో ఆమ్లెట్ చుట్టి ఇస్తారు, దాన్ని రోలెక్స్ అంటారు. మా పిల్లలు పూటకొకటి లాగించారు. మీరు పొడులూ ఊరగాయా తీసుకెళ్లండి, మేం తీసుకెళ్లిన ఆవకాయలో సగం మా డ్రైవరే తిన్నాడు.

కిబాలే నుంచి బ్విండికి ఏడెనిమిది గంటల గతుకుల రోడ్డు. ఆ కుదుపులకి డ్రైవర్లు పెట్టిన పేరు "ఆఫ్రికన్ మసాజ్". మీరు గొరిల్లాలు మానుకుంటే ఆ దారే ఉండదు. ఎంటెబ్బేలో రెండు రోజులు, కిబాలేలో మూడు, ఆ తర్వాత క్వీన్ ఎలిజబెత్ పార్కులో కజింగా కాలువ మీద పడవలో నీటి ఏనుగులు, మొత్తం తొమ్మిది రోజుల్లో తీరిగ్గా వచ్చేయొచ్చు. అమ్మాయికి పదిహేను నిండాక గొరిల్లాల సంగతి చూసుకోండి.

బైనాక్యులర్స్ మాత్రం రెండు కొనండి. మా దగ్గర ఒకటే ఉండి, కిబాలే నుంచి ఎంటెబ్బే దాకా పిల్లలిద్దరూ దాని కోసమే కొట్టుకున్నారు.