"తెలుగు" అనే పదం పొడవు 6 అని పైథాన్ ఎందుకు చెబుతుంది?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పదం పొడవు చెప్పే లెన్ (len) ఫంక్షన్ మన కంటికి కనిపించే అక్షరాలను కాకుండా యూనికోడ్ (కంప్యూటర్లో ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) సంకేతాలను లెక్కిస్తుంది కాబట్టి, మూడక్షరాల "తెలుగు"కు 6 అని జవాబిస్తుంది.

యూనికోడ్‌లో గుణింతపు అక్షరానికి విడిగా ఒక సంఖ్య లేదు. హల్లుకు ఒకటి, దానికి చేరే గుర్తుకు ఇంకొకటి ఉంటాయి. తెలుగుకు కేటాయించిన స్థానాలు 128 మాత్రమే; ప్రతి గుణింతానికీ, ప్రతి ఒత్తుకూ ఒక్కో స్థానం ఇవ్వాలంటే అవి ఏ మూలకూ చాలవు. అందుకే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతాలు. ఒత్తు ఉంటే లెక్క ఇంకా పెరుగుతుంది: "అమ్మ"లో అ, మ, పొల్లు, మ అని నాలుగున్నాయి.

నమ్మకం కుదరకపోతే "తెలుగు"ను పైథాన్‌లో తిరగేసి చూడండి. ముందు ఆధారం లేని కొమ్ము ఒకటి, సాధారణంగా చుక్కల వలయానికి అంటుకుని కనిపిస్తుంది. ఆ తర్వాత గు, లె, త వస్తాయి. ల కొమ్ము గ చేతికి, త ఎత్వం ల చేతికి చిక్కాయన్నమాట!

పైథాన్‌కు తెలుగు సరిగా రాదనో, ఫాంటు పాడైందనో చాలామంది పొరబడి ఫాంట్లు మార్చి మార్చి చూస్తారు. ఫాంటు ఆ సంకేతాలను తెర మీద గీస్తుందే తప్ప వాటి లెక్కను మార్చదు. హిందీ, తమిళ పదాలకూ ఇదే జరుగుతుంది.

కనిపించే అక్షరాల లెక్కే కావాలంటే, పదాన్ని గ్రాఫీమ్‌లుగా, అంటే కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరాలుగా, విడదీసే లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) వాడాలి. పాత వెర్షన్లు "అమ్మ"ను అ, మ్, మ అని మూడుగా చీలుస్తాయి, కాబట్టి కొత్త వెర్షనే తీసుకోండి.