సోప్ సర్వీసుకు ఎక్స్‌ఎస్‌డీ చేత్తో రాయాలా, జావా క్లాసుల నుంచి జనరేట్ చేస్తే చాలదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ప్రీమియం వసూళ్ల సమాచారాన్ని బయటి కంపెనీల నుంచి తీసుకోవడానికి మీ ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో ఒక సోప్ సర్వీస్ (ఎక్స్‌ఎంఎల్ మెసేజ్‌లతో నడిచే వెబ్ సర్వీస్) ఇవ్వాలి. ఉన్న జావా క్లాసులకు అనోటేషన్లు తగిలిస్తే డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీసును ఎలా పిలవాలో చెప్పే ఫైలు), ఎక్స్‌ఎస్‌డీ (మెసేజ్‌లో ఏ వివరాలు ఏ ఆకారంలో రావాలో చెప్పే స్కీమా) రెండూ వాటంతటవే వచ్చేస్తాయి. మరి స్కీమా చేత్తో రాయమని మీ ఆర్కిటెక్ట్ ఎందుకు పట్టుబడుతున్నాడు, రాయాల్సి వస్తే ఎలా రాయాలి, తర్వాత మార్పులు వస్తే ఏం చేయాలి అని.

బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల మధ్య ఇలాంటి ఇంటిగ్రేషన్ పనే నేను చాలాకాలంగా చేస్తున్నాను. నా ఓటు మీ ఆర్కిటెక్ట్‌కే. సర్వీసును పిలిచేది మీ టీమ్ రాసిన ఇంకో అప్లికేషన్ మాత్రమే అయితే హాయిగా జనరేట్ చేసుకోండి, ఎవరికీ నష్టం లేదు. బయటివాళ్లు పిలుస్తారంటే మాత్రం లెక్క మారుతుంది. మీరిచ్చిన డబ్ల్యూఎస్‌డీఎల్‌తో వాళ్లు స్టబ్ (సర్వీసును పిలిచే రెడీమేడ్ కోడ్) తయారు చేసుకుని, తమ కోడ్‌లో కలిపి, టెస్టింగ్ ముగించి ప్రొడక్షన్‌లో పెట్టేస్తారు. ఆ తర్వాత స్కీమాలో చెయ్యి పెట్టడమంటే శుభలేఖలు పంచాక ముహూర్తం మార్చడమే.

జనరేట్ చేసిన స్కీమాలో తంటా ఏమిటంటే, అది మీ మెసేజ్ గురించి కాకుండా మీ కోడ్ గురించి చెబుతుంది. రీఫ్యాక్టరింగ్‌లో ఎవరో ఒక ప్రాపర్టీ పేరు మారుస్తారు, తర్వాతి బిల్డ్‌లో ఎలిమెంట్ పేరు మారిపోతుంది. జాక్స్‌బీలో (జావా క్లాసులను ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే లైబ్రరీ) ఆర్డర్ చెప్పకపోతే ఎలిమెంట్ల వరుసకు గ్యారంటీ లేదు. ఇంకోటి, స్ట్రింగ్ ప్రాపర్టీలన్నిటికీ అది మిన్‌ఆకర్స్ సున్నా (అంటే రాకపోయినా ఫర్వాలేదని) పెడుతుంది, ఇంట్ లాంటి ప్రిమిటివ్‌లను తప్పనిసరి చేస్తుంది. పాలసీ నంబర్ స్ట్రింగ్ కాబట్టి ఐచ్ఛికం, వాయిదా నంబర్ ఇంట్ కాబట్టి తప్పనిసరి! బిజినెస్ చెప్పిన రూల్ ఎక్కడా కనబడదు.

రాయడం ఎక్స్‌ఎస్‌డీతో మొదలుపెట్టకండి. ముందు శాంపిల్ మెసేజ్‌లు రాయండి: అన్ని వివరాలూ ఉన్నది ఒకటి, కనీస వివరాలతో ఒకటి, ఎర్రర్ వచ్చినప్పటిది ఒకటి. వాటిని అవతలి కంపెనీ బిజినెస్ మనిషి ముందు పెట్టండి. స్కీమా చూసి వాళ్లు తలాడిస్తారు తప్ప నోరు విప్పరు. అదే శాంపిల్ చూపిస్తే, "ఒకే చెక్కుతో మూడు పాలసీలకు కడతారండీ, అది ఇందులో ఎక్కడ పడుతుంది?" అని వెంటనే అడుగుతారు. ఆ ప్రశ్న మీకు ఇప్పుడే రావాలి.

నిర్మాణం సంగతి త్వరగా ముగిస్తాను. డాక్యుమెంట్ లిటరల్ ర్యాప్డ్ స్టైల్ వాడండి, అంటే మీ స్కీమా చెప్పిన ఎక్స్‌ఎంఎల్‌నే ఆపరేషన్ పేరున్న ఒకే ఎలిమెంట్‌లో చుట్టి పంపడం. 2004లో వచ్చిన డబ్ల్యూఎస్-ఐ బేసిక్ ప్రొఫైల్ (వేర్వేరు కంపెనీల వెబ్ సర్వీసులు కలిసి పనిచేయడానికి పెట్టిన నియమాలు) సోప్ సొంత ఎన్‌కోడింగ్ వాడే పాత ఎన్‌కోడెడ్ స్టైల్‌ను అప్పుడే పక్కన పెట్టేసింది. టైపులన్నిటికీ పేర్లు పెట్టి పైస్థాయిలో రాసుకుని, గ్లోబల్ ఎలిమెంట్లు మాత్రం రిక్వెస్ట్‌కి, రెస్పాన్స్‌కి, ఫాల్ట్‌కి (ఎర్రర్ మెసేజ్‌కి) ఒక్కోటి ఉంచండి. దీన్నే వెనీషియన్ బ్లైండ్ అంటారు. అబ్‌స్ట్రాక్ట్ టైపులు, సబ్‌స్టిట్యూషన్ గ్రూపుల (ఒకదాని చోట ఇంకోటి రాగల ఏర్పాట్ల) జోలికి పోకండి. కాగితం మీద బాగుంటాయి, ఒక్కో టూల్‌కిట్ వాటిని ఒక్కో రకంగా అర్థం చేసుకుంటుంది. ఎలిమెంట్‌ఫామ్‌డిఫాల్ట్ క్వాలిఫైడ్ అని రాయడం మర్చిపోవద్దు, ఎందుకంటే రాయకపోతే డిఫాల్ట్ అన్‌క్వాలిఫైడ్. అప్పుడు బయటి ఎలిమెంట్‌కి నేమ్‌స్పేస్ (ఆ పేరు ఏ స్కీమాదో చెప్పే గుర్తు) ఉంటుంది, లోపలివాటికి ఉండదు. చేత్తో ఎక్స్‌ఎంఎల్ కట్టే పార్టనర్ మామూలుగా డిఫాల్ట్ నేమ్‌స్పేస్ పెట్టి పంపుతాడు, మీ వాలిడేటర్ (మెసేజ్‌ను స్కీమాతో పోల్చి చూసే ప్రోగ్రామ్) "సీవీసీ కాంప్లెక్స్ టైప్ 2.4.ఏ" అంటూ తిప్పి కొడుతుంది. కంటికి రెండు మెసేజ్‌లూ దాదాపు ఒకేలా ఉంటాయి. సగం రోజు పోతుంది.

అసలు మెలిక టైపుల్లో ఉంది. డబ్బుకి డెసిమల్, డబుల్ (ఉజ్జాయింపుగా దాచే సంఖ్య) కాదు. అకౌంట్ నంబర్‌కి స్ట్రింగ్, ఇంటీజర్ పెడితే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఇవి చాలామందికి తెలుసు. తేదీల దగ్గరే ఎక్కువమంది పడతారు.

నేను పనిచేసిన ఒక ఇంటిగ్రేషన్‌లో ప్రీమియం కట్టిన తేదీకి డేట్‌టైమ్ (తేదీ, సమయం కలిసిన టైపు) ఇచ్చారు. పార్టనర్ సిస్టమ్‌లో ఉన్నది తేదీ మాత్రమే కాబట్టి సమయం చోట అర్ధరాత్రి పెట్టి, మన టైమ్‌జోన్ +05:30 తగిలించి పంపేవాళ్లు. అందుకునే సర్వర్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తోంది. ఏప్రిల్ 1 అర్ధరాత్రి అంటే యూటీసీలో మార్చి 31 సాయంత్రం 18:30. అక్కడ తేదీ మాత్రమే కత్తిరించి దాచుకున్నారు. మిగతా రోజుల్లో ఒక రోజు తేడాను ఎవరూ పట్టించుకోలేదు. ఏప్రిల్ 1న కట్టినవాళ్ల డబ్బు మాత్రం పాత ఆర్థిక సంవత్సరంలో పడింది, ట్యాక్స్ కోసం ఇచ్చే ప్రీమియం సర్టిఫికెట్లు తప్పుగా వెళ్లాయి. రెండు వైపుల కోడ్ విడివిడిగా చూస్తే తప్పేమీ లేదు. తేదీ కావాలంటే డేట్ టైపే ఇవ్వండి. అందులోనూ టైమ్‌జోన్ రాసే వీలుంది కాబట్టి, ప్యాటర్న్ (విలువ ఏ ఆకారంలో ఉండాలో చెప్పే రూల్) పెట్టి సంవత్సరం, నెల, రోజు తప్ప ఇంకేమీ రానివ్వకండి. నిజంగా క్షణం కావాల్సిన చోట డేట్‌టైమ్ ఇచ్చి, టైమ్‌జోన్ లేనిదాన్ని ప్యాటర్న్‌తోనే ఆపండి.

ప్యాటర్న్ అంటే గుర్తొచ్చింది. ఎక్స్‌ఎస్‌డీలో రెజెక్స్ (ఆ ప్యాటర్న్ రాసే సూత్రం) ఎప్పుడూ మొత్తం విలువకు వర్తిస్తుంది. జావా అలవాటుతో మొదలు, ముగింపు చెప్పడానికి ముందు క్యారెట్ (^), చివర డాలర్ ($) పెడితే వాటిని మామూలు అక్షరాలుగా తీసుకుంటుంది. అలా రాసిన ఐఎఫ్‌ఎస్‌సీ ప్యాటర్న్‌తో దేశంలో ఏ బ్రాంచి కోడూ పాసవదు.

పేర్లు, చిరునామాలు తెలుగులో కూడా వస్తాయంటే మాక్స్‌లెంగ్త్ (గరిష్ఠ పొడవు) చూసుకోండి. అది యూనికోడ్ క్యారెక్టర్లను లెక్కిస్తుంది, బైట్లను కాదు. "హైదరాబాద్" కంటికి ఐదు అక్షరాలు, స్కీమాకి 9 క్యారెక్టర్లు, యూటీఎఫ్-8లో 27 బైట్లు. స్కీమాలో 20 అని రాసి, వెనక డేటాబేస్ కాలమ్ కూడా 20 బైట్లకే కట్టి ఉంటే, వాలిడేషన్ పాసై ఇన్సర్ట్ దగ్గర చస్తుంది.

"విలువ లేదు" అని చెప్పడానికి మూడు దారులున్నాయి: ట్యాగ్ పంపకపోవడం, ఖాళీ ట్యాగ్ పంపడం, నిల్ అని పంపడం. ఒక్కటే ఎంచుకుని డాక్యుమెంట్‌లో రాసేయండి. నా ఎంపిక ట్యాగ్ పంపకపోవడం. ఒకే ఎలిమెంట్‌కి మిన్‌ఆకర్స్ సున్నా, నిలబుల్ (నిల్ పంపొచ్చనే అనుమతి) రెండూ పెడితే జావా వైపు జాక్స్‌బీఎలిమెంట్ అనే ర్యాపర్ వచ్చి కోడ్ అంతా చిరాగ్గా తయారవుతుంది. పాత మెయిన్‌ఫ్రేమ్ పార్టనర్లు అన్ని ట్యాగులూ పంపి లేనివి ఖాళీగా వదిలేస్తుంటారు. ఖాళీ స్ట్రింగ్ డెసిమల్‌గానో డేట్‌గానో చెల్లదు కాబట్టి ఈ సంగతి ముందే మాట్లాడుకోండి. డాట్‌నెట్ (మైక్రోసాఫ్ట్ ప్లాట్‌ఫామ్) వాడే పార్టనర్లతో ఇంకో తమాషా ఉంటుంది. ఐచ్ఛికమైన డబ్బు ఫీల్డుకి అక్కడి ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ స్టబ్‌లో పక్కనే "స్పెసిఫైడ్" అనే బూలియన్ ఒకటి వస్తుంది. దాన్ని ట్రూ చేయకపోతే, డబ్బు విలువ నింపినా ట్యాగ్ బయటికి వెళ్లదు, ఎర్రరూ రాదు. "మేం పంపాం", "మాకు రాలేదు" అని ఈమెయిళ్లు నడుస్తూనే ఉంటాయి. అందుకే, నిజంగా తప్పనిసరి అయినదాన్ని ఎక్స్‌ఎస్‌డీలో కూడా తప్పనిసరి చేయండి, "తర్వాత చూద్దాంలే" అని సున్నా పెట్టకండి.

ఇక ఎన్యూమరేషన్, అంటే అనుమతించే విలువల జాబితాను స్కీమాలోనే రాసేయడం. నేను చూసినవాటిలో ఎక్కువ రీరిలీజ్‌లకు కారణం ఇదే. రాష్ట్రాల జాబితా మారదు కదా అనుకుని స్కీమాలో పెట్టేస్తారు. 2011లో ఒరిస్సా ఒడిశా అయింది. 2014లో తెలంగాణ వచ్చింది. జీఎస్టీ కోడ్‌ల దగ్గరికొస్తే తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు పాత 28 పోయి 37. 2019లో లద్దాఖ్ విడిపోయింది. 2024లో మన బండ్ల నంబర్లలో టీఎస్ కాస్తా టీజీ అయింది. ప్రతిసారీ కొత్త ఎక్స్‌ఎస్‌డీ, ప్రతి పార్టనర్‌తో మళ్లీ టెస్టింగ్. రిక్వెస్ట్‌లో కంటే రెస్పాన్స్‌లో ఇది ఇంకా ప్రమాదం: మీరు కొత్త విలువ పంపగానే పాత స్టబ్ ఉన్న డాట్‌నెట్ క్లయింట్ ఎక్సెప్షన్ వేస్తుంది, వాలిడేషన్ లేని జాక్స్‌బీ క్లయింట్ చడీచప్పుడు లేకుండా నల్ ఇస్తుంది. ఆ రెండోది మరీ చెడ్డది. కోడ్‌కి పొడవు, ఆకారం మాత్రం స్కీమాలో చెప్పి, జాబితాను విడిగా ప్రచురించండి. బ్యాంకింగ్‌లో ఐఎస్‌ఓ 20022 (ఆర్థిక మెసేజ్‌ల అంతర్జాతీయ ప్రమాణం) వాళ్లు కూడా చాలా కోడ్‌ల జాబితాలను స్కీమా బయటే ఉంచుతారు. అవును-కాదు లాంటివాటికి, మీ ప్రోగ్రామ్ లాజిక్ నేరుగా ఆధారపడేవాటికి ఎన్యూమరేషన్ వాడుకోండి, తప్పులేదు.

మార్పుల గురించి అడిగారు. మేజర్ వెర్షన్‌ను నేమ్‌స్పేస్‌లో పెట్టండి, పాతవాళ్లు తెగిపోయే మార్పు అయితేనే దాన్ని మార్చండి. చిన్న చేర్పుల కోసం టైపు చివర ఐచ్ఛిక "ఎక్స్‌టెన్షన్" ఎలిమెంట్ ఒకటి ముందే పెట్టి, దాని లోపల ఎనీ (ఏ ట్యాగ్ అయినా రావచ్చనే గుర్తు) ఉంచండి, ప్రాసెస్‌కంటెంట్స్ లాక్స్‌గా (స్కీమా దొరికితేనే పరీక్షించేలా). ఐచ్ఛిక ఎలిమెంట్ వెనకాలే నేరుగా ఎనీ పెడితే, వచ్చిన ట్యాగ్ దేనికి చెందుతుందో పార్సర్ తేల్చుకోలేక యూనిక్ పార్టికల్ యాట్రిబ్యూషన్ ఎర్రర్ ఇస్తుంది. 2012లో వచ్చిన ఎక్స్‌ఎస్‌డీ 1.1 దీన్ని సడలించింది కానీ, జావా జేడీకేలోనూ డాట్‌నెట్‌లోనూ ఉన్న వాలిడేటర్లకు 1.0 మాత్రమే తెలుసు. పార్టనర్ల కోసం రాసేటప్పుడు 1.0 దాటకండి.

రాశాక పార్టనర్లకు పంపేముందు ఆ ఫైలు నుంచి జావా స్టబ్, డాట్‌నెట్ స్టబ్ రెండూ మీరే జనరేట్ చేసి, ఆ శాంపిల్ మెసేజ్‌లను వాటితో కట్టి చూడండి. సోప్‌యూఐ అనే టెస్టింగ్ టూల్‌లో పాసైతే చాలనుకోవద్దు, అది స్టబ్ లేకుండా పంపుతుంది.

మీవాళ్లు జనరేటెడ్ డబ్ల్యూఎస్‌డీఎల్‌ను ఎవరికైనా ఇప్పటికే పంపేసి ఉంటే ఇదంతా వెర్షన్ 2కి వాయిదా వేయండి. ప్రస్తుతానికి పంపిన ఫైళ్లనే గిట్‌లో పెట్టి, సర్వీస్ క్లాసులో డబ్ల్యూఎస్‌డీఎల్‌లొకేషన్ ఆ ఫైలుకే చూపించండి, బిల్డ్ మళ్లీ జనరేట్ చేసినది బయటికి పోకుండా.