కమ్యూనిటీ కాలేజీ వాళ్లకి ల్యాబ్ దొరకదా?

ప్రశ్న: అక్కా, మాది డాలస్. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో కెమిస్ట్రీ చదువుతున్నా. రీసెర్చ్ అవకాశాలన్నీ యూనివర్సిటీ వాళ్లకేనా? నాకు గ్రీన్‌కార్డ్ ఉంది.

జవాబు: కాదమ్మా. అమెరికా ఇంధన శాఖ తన నేషనల్ ల్యాబ్‌లలో మీలాంటి వాళ్ల కోసమే సీసీఐ (కమ్యూనిటీ కాలేజ్ ఇంటర్న్‌షిప్స్) అనే ఇంటర్న్‌షిప్ నడుపుతుంది. వేసవిలో 10 వారాలు, స్టైపెండ్ కూడా ఉంటుంది. ఎన్‌ఎస్‌ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) వారి ఆర్‌ఈయూకీ, అంటే డిగ్రీ విద్యార్థులకు రీసెర్చ్ అనుభవం ఇచ్చే ప్రోగ్రామ్‌కీ, అప్లై చెయ్యి. రెండింటికీ పౌరసత్వమో గ్రీన్‌కార్డో కావాలి, నీకా టెన్షన్ లేదు. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఇవి కుదరవు, అదే నాకు బాధ. అసలు చిక్కు సిఫార్సు లేఖ దగ్గర వస్తుంది. నిన్ను పేరుతో గుర్తుపట్టని లెక్చరర్ ఏం రాస్తారు? ల్యాబ్ క్లాసు మేడమ్ ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థులను కలవడానికి కేటాయించే సమయం) ఇప్పటినుంచే వెళ్లు. నాలుగేళ్ల కాలేజీకి మారేముందు జాక్ కెంట్ కుక్ ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్ చూడు, ఏడాదికి 55,000 డాలర్ల దాకా ఇస్తారు. పోటీ మాత్రం చాలా గట్టిది.